ఫొటో కింద రెండు వాక్యాలు

అంతర్జాతీయ వార్తా ఫొటో ఏజెన్సీకి పాఠకులు ఉండరు, చందాదారులు ఉంటారు. ప్రపంచంలో ఏదో మూల జరిగినదాన్ని తన ఫొటోగ్రాఫర్‌తో తీయించడం, లేదా అక్కడివాళ్లు తీసినదాన్ని కొనడం, దాని కింద రెండు వాక్యాల వివరం రాయడం, చందా కట్టిన పత్రికలన్నింటికీ ఒకేసారి పంపడం దాని పని. జగిత్యాల బస్టాండులోనో, కోరుట్ల చాయ్ హోటల్లోనో, సిరిసిల్ల మగ్గాల షెడ్డు ముందరో పొద్దున తెరిచే పేపర్లో గాజా శిథిలాల ఫొటో కనిపిస్తే, అది చాలావరకు అసోసియేటెడ్ ప్రెస్, రాయిటర్స్, ఏఎఫ్‌పీ అనే మూడు సంస్థల్లో ఏదో ఒకటి పంపినదే. ఈ ఊళ్ల ఫొటో బయటి లోకానికి పోవాలన్నా దారి అదే. లోపలికి రోజూ వస్తూనే ఉంటాయి, బయటికి పోయేవి అరుదు. పోయినప్పుడు ఊరు ఎలా కనిపిస్తుందన్నది కెమెరా ఒక్కటే తేల్చదు. ఫొటో ఎవరి సొత్తు, దాని కింద ఎవరేం రాశారు అన్న రెండు సంగతులు అంతకంటే గట్టిగా తేలుస్తాయి. ఏజెన్సీల నూట పాతికేళ్ల చరిత్రను ఈ రెండు ప్రశ్నలు పట్టుకుని చదివితేనే అది ఈ మూడు ఊళ్లకు సంబంధించిన చరిత్ర అవుతుంది.

నెగెటివ్ నుంచి తీగ దాకా

ఫొటో తీయడం వచ్చిన చాలా ఏళ్లదాకా దాన్ని పేపర్లో అచ్చు వేయడం చేతకాలేదు. ఫొటోను చూసి చెక్క మీద చెక్కి, ఆ దిమ్మెతో అచ్చు వేసేవారు. వెలుగునీడలను చిన్న చుక్కలుగా విడగొట్టే హాఫ్‌టోన్ పద్ధతిలో 1880లో న్యూయార్క్ 'డైలీ గ్రాఫిక్' పత్రిక ఒక ఫొటో వేసింది. ఆ పద్ధతి కుదురుకున్నాకే పత్రికలకు ఫొటోలు అమ్మడం ఒక వ్యాపారమైంది. 1898లో జార్జ్ గ్రాంథమ్ బెయిన్ న్యూయార్క్‌లో మొదలుపెట్టిన బెయిన్ న్యూస్ సర్వీస్ ఆ తొలి ఏజెన్సీల్లో ఒకటి. ప్రింట్లు తీసి, వెనకాల వివరం రాసి, టపాలో పంపేవారు.

అప్పటికే హైదరాబాద్ రాజ్యంలో ఇలాంటి పద్ధతి ఒకటి నడుస్తోంది. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టి, 1896లో బొంబాయికీ విస్తరించాడు. ప్రతి నెగెటివ్‌కూ నంబరు వేసి, అడిగినవారికి ప్రింట్లు అమ్మే ఏర్పాటు ఆయన సంస్థలో ఉండేది. దర్బార్లు, షికార్లు, వైస్రాయ్ పర్యటనలు ఆ నంబర్లలో ఎక్కువ. 1899-1900 కరువులో ఔరంగాబాద్ జిల్లాలో నిజాం సర్కారు నడిపిన సహాయ పనులను కూడా ఆ సంస్థ ఫొటోలు తీసింది. వాటిలో కరువు కన్నా సర్కారు చేసిన సాయమే ముందు కనబడుతుంది. పని చెప్పి డబ్బిచ్చినవాడి చూపు ఫొటోలోకి ఎలా దిగుతుందో చెప్పడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ తెలంగాణకు లేదు. జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతాలు అప్పుడు అదే రాజ్యంలోని ఎలగందల జిల్లాలో ఉండేవి.

టపా పోయి తీగ వచ్చింది 1935 జనవరి 1న. అసోసియేటెడ్ ప్రెస్ ఆ రోజు వైర్‌ఫొటో సేవ ప్రారంభించింది. న్యూయార్క్ రాష్ట్రంలోని అడిరాండాక్ కొండల్లో కూలిన చిన్న విమానం ఫొటో దాని మీదుగా మొదట పోయింది. ప్రింటును ఒక గొట్టానికి చుట్టి తిప్పుతారు. సన్నటి వెలుగు దాని మీద గీత తర్వాత గీతగా పాకుతుంది. తెలుపు నలుపులకు తగ్గట్టు టెలిఫోన్ తీగ మీద ధ్వని హెచ్చుతగ్గులవుతుంది. అవతలి ఊళ్లో మరో గొట్టం మీద చుట్టిన ఫొటో కాగితం ఆ ధ్వనిని తిరిగి వెలుగుగా పట్టుకుంటుంది. నిమిషానికి సుమారు అంగుళం చొప్పున ఫొటో అవతల తేలేది. అది అందుకున్న పత్రికలన్నీ ఒకే ఫొటోను ఒకే వివరంతో వేశాయి. ఒకడి చూపు లక్షలమంది చూపు కావడం ఆ రోజుతో మొదలైంది.

హక్కు కోసం తగువు

తీగ ఏజెన్సీలు రోజువారీ వార్త చూసుకుంటే, నాలుగైదు పేజీల ఫొటో కథనాలు అమ్మే మరో రకం ఏజెన్సీలు యూరప్‌లో పుట్టాయి. బెర్లిన్‌లో 1928లో మొదలైన డెఫోట్ వాటిలో పేరున్నది. హంగరీ నుంచి వచ్చిన ఒక యూదు కుర్రాడు అక్కడి డార్క్‌రూమ్‌లో పని నేర్చుకున్నాడు. తర్వాత రాబర్ట్ కాపాగా లోకమంతా ఎరిగింది అతడినే. 1933లో హిట్లర్ గద్దెనెక్కాక యూదు ఎడిటర్లు, ఏజెంట్లు పారిస్‌కూ న్యూయార్క్‌కూ చెదిరిపోయారు. పారిస్‌లో రాఫో, న్యూయార్క్‌లో 1935 నాటి బ్లాక్ స్టార్ ఆ చెదిరినవాళ్లు కట్టుకున్నవే. ప్రాణం దక్కించుకుని వచ్చినవాళ్ల చేతి పనితనమే అమెరికా ఫొటో పత్రికలకు రూపమిచ్చింది.

ఆ రోజుల్లో ఫొటో తీసినవాడికి కూలి దక్కేది, నెగెటివ్ దక్కేది కాదు. పత్రికకు నచ్చినట్టు కత్తిరించుకునేవారు, నచ్చినట్టు కింద రాసుకునేవారు. దీన్ని ఒప్పుకోని కాపా, ఆన్రీ కార్తియే-బ్రెసాఁ, జార్జ్ రోజర్, డేవిడ్ సీమూర్ తదితరులు 1947లో మాగ్నమ్‌ను స్థాపించారు. అది ఫొటోగ్రాఫర్ల సొంత సహకార సంఘం. హక్కు తీసినవాడిదే, పత్రికకు ఒక్కసారి వాడుకునే అనుమతి మాత్రమే, వివరం మార్చకూడదు. సిరిసిల్ల నేత సంఘాలకు బాగా తెలిసిన సూత్రమే ఇది: పని చేసినవాడికి పని మీద హక్కు ఉండాలి. ఖండాలు పంచుకున్నప్పుడు ఆసియా కార్తియే-బ్రెసాఁ వాటాకు వచ్చింది. 1948 జనవరి 30న గాంధీజీ హత్యకు కొద్దిసేపటి ముందు ఆయన ఢిల్లీలో బాపూను కలిశాడు, అంత్యక్రియలను ఫొటోలు తీశాడు. 1951లో మరో మాగ్నమ్ సభ్యుడు వెర్నర్ బిషోఫ్ తీసిన బిహార్ కరువు ఫొటోలు ప్రపంచాన్ని కదిలించాయి. హక్కు సాధించుకున్నా ప్రాణానికి పూచీ లేదు. 1954 మే నెలలోనే బిషోఫ్ పెరూ కొండల్లో మరణించాడు, కాపా ఇండోచైనాలో మందుపాతర పేలి చనిపోయాడు. 1956లో సూయజ్ యుద్ధంలో సీమూర్ పోయాడు.

భారతీయుల్లో రఘు రాయ్ 1977లో కార్తియే-బ్రెసాఁ సిఫారసుతో మాగ్నమ్‌లో చేరాడు. ఈలోగా పారిస్ ఫొటో వ్యాపారానికి రాజధాని అయింది. 1966 చివర్లో పుట్టిన గామా ఖర్చూ రాబడీ రెండూ ఫొటోగ్రాఫర్‌తో చెరిసగం పంచుకుంది. 1973లో దాన్నుంచి విడిపోయినవాళ్లు సిగ్మా పెట్టారు, అదే ఏడాది సిపా వచ్చింది. 1984 డిసెంబర్‌లో భోపాల్ విషవాయువుకు చనిపోయిన పసిబిడ్డను మట్టిలో పూడ్చుతున్న ఫొటోను పాబ్లో బార్తొలొమ్యూ గామా తరఫునే తీశాడు. ఆ ఏడాది వరల్డ్ ప్రెస్ ఫొటో అత్యున్నత పురస్కారం దానికే దక్కింది. అదే బిడ్డను అక్కడే రఘు రాయ్ కూడా తీశాడు. ఆ రెండు ఫొటోలు లేకుండా భోపాల్‌ను తలుచుకోవడం ఈనాటికీ సాధ్యం కాదు.

మూడు ఊళ్లు, తీగకు దూరం

అదే కాలంలో జగిత్యాల ఎక్కడుంది? 1978 సెప్టెంబర్‌లో రైతు కూలీలు వేల సంఖ్యలో జగిత్యాలకు తరలివచ్చారు. దొరల వెట్టికి, భూముల ఆక్రమణకు ఎదురు నిలిచిన ఆ ప్రదర్శన జగిత్యాల జైత్రయాత్రగా పేరుపడింది. అక్టోబర్‌లో రాష్ట్ర ప్రభుత్వం జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. దేశ రాజకీయాల్లో చాలాకాలం ప్రతిధ్వనించిన సంఘటన అది. కానీ ఫొటో నడిచే దారిలో ఈ ఊళ్లు ఎంత దూరాన ఉండేవో చూడాలి. జగిత్యాలకు, కోరుట్లకు, సిరిసిల్లకు అప్పటికి రైలు లేదు. జగిత్యాలలో తీసిన రీలు బస్సులో కరీంనగర్ మీదుగా దాదాపు 200 కిలోమీటర్ల దూరంలోని హైదరాబాద్ చేరాలి. అక్కడ కడిగి, ప్రింటు వేసి, ఢిల్లీకో బొంబాయికో విమానంలో పంపితే, అక్కడి నుంచి తీగ. దారిలో ప్రతి మజిలీలో ఒక ఎడిటర్, ప్రతి ఎడిటర్ ముందూ ఒకే ప్రశ్న: ఇది రేపటికి పనికొస్తుందా? ఊరేగింపు జరిగిన మర్నాటికి రీలు దారిలోనే ఉంటే, ఎంత గొప్ప ఫొటో అయినా వార్తా ఏజెన్సీకి పాతబడ్డట్టే.

1985 నుంచి పోటీ ముదిరింది. యునైటెడ్ ప్రెస్ ఇంటర్నేషనల్ విదేశీ ఫొటో సేవను తీసుకుని రాయిటర్స్ ఫొటోల్లోకి దిగింది, ఏఎఫ్‌పీ తన అంతర్జాతీయ ఫొటో సేవను ఆరంభించింది. ఏజెన్సీల కెమెరా ఈ ఊళ్ల మనుషుల మీద పడటం కూడా దరిదాపు ఆ కాలంలోనే మొదలైంది. పడింది మాత్రం ఇక్కడ కాదు, గల్ఫ్‌లో.

1990 ఆగస్టు 2న ఇరాక్ కువైట్‌ను ఆక్రమించింది. అక్కడి భారతీయులు ఎడారి దాటి జోర్డాన్ సరిహద్దు శిబిరాలకు చేరారు. ఎయిరిండియా సుమారు 1,70,000 మందిని అమ్మాన్ నుంచి స్వదేశానికి తెచ్చింది. నీళ్ల ట్యాంకర్ చుట్టూ చేతులు చాచిన మగవాళ్ల ఫొటోలు అప్పట్లో ప్రపంచ పత్రికలన్నింటా వచ్చాయి. ఆ చేతుల్లో తెలుగువాళ్లవీ ఉన్నాయి. కింద రాసే వివరంలో వాళ్లు సాధారణంగా 'ఆసియా కార్మికులు'. ముప్పై ఏళ్ల తర్వాత ఖతర్‌లో 2022 ప్రపంచ కప్ స్టేడియాల దగ్గర హెల్మెట్లు పెట్టుకున్న మగవాళ్లు 'దక్షిణాసియా వలస కార్మికులు'. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల నుంచి దుబాయ్, మస్కట్, దోహా పోయిన తరాల జీవితం ఆ మూడు మాటల్లో దాగి ఉంటుంది. వీసా కోసం చేసిన అప్పు, ఏజెంట్ మాట, ఇంటి దగ్గర బీడీలు చేస్తూ పిల్లల్ని సాకే భార్య, ఇవేవీ ఆ వివరంలోకి రావు. ఒక్కోసారి పేరు రాయకపోవడం మంచికే. పేరు బయటపడితే కొలువు పోవచ్చని కార్మికుడే వద్దంటాడు, ఫొటోగ్రాఫర్ ఆ మాట మన్నించాలి. అయితే పేరు దాచడం వేరు, ఊరు అడగకపోవడం వేరు. రెండోది నిర్లక్ష్యమే.

సిరిసిల్ల విషయంలో ఈ లోటు మరోలా కనబడుతుంది. 1990ల చివరి నుంచి దశాబ్దానికి పైగా ఆ పట్టణం పేరు నేతన్నల ఆత్మహత్యలతోనే వార్తల్లోకి ఎక్కింది. 2017 నుంచి బతుకమ్మ చీరల పుణ్యమా అని రంగుల చీరల ఫొటోలతో ఎక్కింది. సిరిసిల్లలో నడిచేవి ప్రధానంగా మరమగ్గాలు, అక్కడివాళ్ల మాటలో సాంచాలు. సాంచాల ముందు నిలబడ్డ మనిషి కూలికి నేసే కార్మికుడు కావచ్చు. సేటు దగ్గర నూలు తెచ్చుకుని సొంత సాంచాల మీద బట్ట నేసి ఇచ్చే ఆసామి కావచ్చు. ఇద్దరి అప్పులూ వేరు, ఇద్దరి లాభనష్టాలూ వేరు. 'సిరిసిల్లలో చీర నేస్తున్న చేనేత కార్మికుడు' అని రాసేస్తే ఫొటో ఎంత బాగున్నా వివరం తప్పు. ఆ తప్పు చందాదారులందరి దగ్గరికీ పోతుంది, దాచిపెట్టిన ఫొటోతోపాటు యాభై ఏళ్లు బతుకుతుంది.

రెండు వాక్యాల పద్ధతి

అందుకే ఏజెన్సీల్లో వివరం రాయడానికి కచ్చితమైన కట్టుబాట్లున్నాయి. మొదటి వాక్యం వర్తమానకాలంలో: ఎవరు, ఏం చేస్తున్నారు, ఏ ఊళ్లో, ఏ రోజు. రెండో వాక్యం నేపథ్యం: ఈ ఫొటో ఎందుకు వార్త. ఊహ ఉండకూడదు. ఏడుస్తున్న మనిషి ఎందుకు ఏడుస్తున్నాడో అడిగి తెలుసుకోకుండా రాయకూడదు. ఫొటోగ్రాఫర్, తీసిన తేదీ, ఊరు, దేశం, హక్కుదారు వంటివన్నీ డిజిటల్ ఫైలు లోపలే రాసి ఉంటాయి. ఫొటో ఎక్కడికి పోయినా అవి దాని వెంట పోవాలి. దారిలో ఎవరో వాటిని చెరిపేయడమే నేటి పెద్ద బెడద.

ఫొటోలో ఏం ఉందో అది మార్చకూడదన్నది రెండో కట్టుబాటు. 2006లో లెబనాన్ యుద్ధంలో పొగను ఎక్కువ చేసి చూపిన ఫొటో బయటపడగానే రాయిటర్స్ ఆ ఫొటోగ్రాఫర్‌తో తెగతెంపులు చేసుకుని, అతడి ఫొటోలు 900కు పైగా తన భాండాగారం నుంచి తీసేసింది. 2014లో అసోసియేటెడ్ ప్రెస్, సిరియా ఫొటోలో మూలనున్న ఒక వీడియో కెమెరాను చెరిపేసిన ఫొటోగ్రాఫర్‌ను దూరం పెట్టింది. అతడు అంతకుముందు ఏడాది పులిట్జర్ అందుకున్న బృందంలోని వాడు. పంపిన ఫొటోను వెనక్కి తీసుకుంటే చందాదారులందరికీ 'కిల్' నోటీసు పోతుంది. 2024 మార్చి 10న బ్రిటన్ యువరాణి కేట్, పిల్లల ఫొటో రాజభవనం నుంచే వచ్చినా, అందులో దిద్దుబాట్లు కనిపించాయని పెద్ద ఏజెన్సీలు దాన్ని చంపేశాయి. ఫొటో వాడిన పత్రికకు సంజాయిషీ ఇచ్చుకోవాల్సింది ఏజెన్సీయే గనక ఆ కాఠిన్యం అవసరం.

మొబైల్ ఫోన్ వచ్చాక ఈ కట్టుబాట్లకు కొత్త బరువు తోడైంది. 2018 సెప్టెంబర్ 11, మంగళవారం, జగిత్యాల జిల్లా కొండగట్టు ఘాట్ రోడ్డు మీద కిక్కిరిసిన ఆర్టీసీ బస్సు లోయలోకి పడింది. శనివారంపేట, చుట్టుపక్కల ఊళ్లవాళ్లు 60 మందికి పైగా చనిపోయారు. వార్త ఆ పూటే ప్రపంచమంతా చుట్టింది. ఇలాంటి చోట ఏజెన్సీ మనిషి చేరేలోపే స్థానికుల ఫోన్లలో పదుల ఫొటోలు ఉంటాయి. వాటిని తీసుకోవాలంటే తీసినవాడెవరో కనుక్కోవాలి, అసలు ఫైలు అడగాలి, వెనకాల కనిపించే కొండ, రోడ్డు మలుపు, బస్సు మీది రాతలు ఆ చోటివేనా చూడాలి, వాడుకునే అనుమతి రాతపూర్వకంగా పొందాలి. మృతుల ముఖాల ఫొటోలు పంపాలా వద్దా అన్నది ఆ తర్వాతి ప్రశ్న. 1978లో జగిత్యాల ఫొటోకు దూరం అడ్డు. 2018లో దూరం లేదు, ధ్రువీకరణే అడ్డు. మారనిది ఒకటుంది: విదేశీ పత్రికలో జగిత్యాల ఎప్పుడూ హైదరాబాద్‌కు ఇన్ని కిలోమీటర్ల దూరాన ఉన్న ఊరే. తెలిసిన నగరాన్ని ఆనవాలుగా చెప్పడం ఏజెన్సీ రివాజు.

తీగలు తెగితే పాత పద్ధతులే పనికొస్తాయనీ తేలింది. 2019 ఆగస్టులో కశ్మీర్‌లో ఇంటర్నెట్, ఫోన్లు ఆగిపోయినప్పుడు అసోసియేటెడ్ ప్రెస్ ఫొటోగ్రాఫర్లు ఫొటోలున్న డ్రైవ్‌లను విమానాశ్రయంలో ముక్కూమొహం తెలియని ప్రయాణికుల చేతిలో పెట్టి ఢిల్లీకి పంపారు. ఆ పనికి దార్ యాసిన్, ముఖ్తార్ ఖాన్, చన్నీ ఆనంద్‌లకు 2020 పులిట్జర్ దక్కింది. ప్రాణానికి పూచీ లేకపోవడం కూడా మారలేదు. రాయిటర్స్‌కు చెందిన దానిశ్ సిద్దిఖీ 2021 జూలైలో అఫ్గానిస్తాన్‌లో హతుడయ్యాడు. కోవిడ్ కాలంలో భారతదేశంలో తీసిన ఫొటోలకు మరుసటి ఏడాది సహచరులతో పాటు అతడికీ మరణానంతరం పులిట్జర్ వచ్చింది.

భాండాగారం ఎవరిది

ఈలోగా ఏజెన్సీల యాజమాన్యం తలకిందులైంది. బిల్ గేట్స్ 1989లో పెట్టిన సంస్థ కార్బిస్ పేరుతో ఎదిగి, యునైటెడ్ ప్రెస్ ఫొటోలున్న బెట్‌మన్ భాండాగారాన్ని 1995లో, సిగ్మాను 1999లో కొనేసింది. బెట్‌మన్ నెగెటివ్‌లను పెన్సిల్వేనియాలో పాత సున్నపురాయి గనిలో, నేల అడుగున చల్లగా భద్రపరిచారు. 1995లోనే లండన్‌లో మొదలైన గెట్టీ ఇమేజెస్ ఒక్కో సంస్థనూ కలుపుకుంటూ పోయింది. గామా యాజమాన్యం 2009లో, సిగ్మా 2010లో దివాలా తీశాయి. 2016లో కార్బిస్ ఫొటోలు చైనాకు చెందిన విజువల్ చైనా గ్రూప్ చేతికి పోయాయి, చైనా బయట అమ్మకం గెట్టీది. హైదరాబాద్ సంస్థానం విలీనం నాటి ఏజెన్సీ ఫొటో ఒకటి కోరుట్ల బడి గోడకు కావాలన్నా ఇలాంటి సంస్థకే రుసుము కట్టాలి.

నేడు హైదరాబాద్ నుంచి పోయే ఫొటోల కింద అసోసియేటెడ్ ప్రెస్ అయితే మహేశ్ కుమార్ ఎ., ఏఎఫ్‌పీ అయితే నోవా సీలం పేర్లు కనిపిస్తాయి. తెలంగాణ ఉద్యమం రోజుల నుంచి ఈ నేల లోకానికి కనబడిందంటే అందులో ఇలాంటి కొద్దిమంది కళ్ల పాత్ర పెద్దది. ఏజెన్సీలతో సంబంధం లేకుండా ఊరూరూ తిరిగి బతుకమ్మను, పాత ఇళ్లను, వాకిళ్లను తీసిన భరత్ భూషణ్ 2022లో కన్నుమూశారు. తెలంగాణ తనను తాను చూసుకున్న తీరుకు ఆయన ఫొటోలు ఆనవాలు. వీళ్లకు తోడు 1989లో 'ఈనాడు' జిల్లా పేజీలు మొదలుపెట్టాక మండలానికొక కంట్రిబ్యూటర్ కెమెరా పట్టుకున్నాడు. ఆ చిన్న పేజీల్లోని ఫొటోల కింద మాత్రం మనిషికి పేరుంటుంది, ఊరికి పేరుంటుంది, ఆసామికీ కార్మికుడికీ తేడా ఉంటుంది. ఫొటో తీసినవాడి పేరే చాలాసార్లు ఉండదు.

దీనికి చట్టంలో దారి ఉంది. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం ఫొటోకు తొలి హక్కుదారు తీసినవాడే. జీతానికి పత్రికలో పనిచేస్తూ తీస్తే, వేరే ఒప్పందం లేనప్పుడు, పత్రికల్లో ప్రచురించుకునే మేరకు హక్కు యజమానిది, మిగతా హక్కులు తీసినవాడివే. ఎవరైనా డబ్బిచ్చి ప్రత్యేకంగా తీయిస్తే హక్కు తీయించినవారిది. 2012 సవరణ తర్వాత, ఫొటో తీసినవాడి జీవితకాలమంతా, అతడు మరణించిన మరుసటి ఏడాది మొదలు మరో 60 ఏళ్లు ఆ హక్కు ఉంటుంది. జీతం లేకుండా, ఫొటో లెక్కన డబ్బు తీసుకునే కంట్రిబ్యూటర్ కాగితం మీద సంతకం పెట్టేముందు ఆ కాగితం హక్కును వదులుకోమంటోందో, ఒక్కసారి వాడుకునే అనుమతి అడుగుతోందో చదువుకోవాలి. 1978లో అచ్చయిన జగిత్యాల ఫొటో ఏదైనా ఉంటే దాని హక్కు ఈనాటికీ బతికే ఉంటుంది. అది తీసినవాడికో, అతడి వారసులకో చెందాలంటే రీలు ఏ తేదీన ఎవరు తీశారు, ఏ పత్రికలో ఎప్పుడు వచ్చింది, ఏ షరతు మీద ఇచ్చారు అన్న రుజువులు కావాలి. ఇంట్లో పెట్టెల్లో పడి ఉన్న నెగెటివ్‌ల కవర్ల మీద తేదీ, ఊరు, పేరు రాసి ఉంచడం ఆ రుజువుకు మొదటి మెట్టు.